క్లోరోఫారము మొదలు ఫ్రియాను దాక: పరారుణ వర్ణపటమును చదువుట

ప్రయోగశాలలో ఒక సీసా యున్నది. అందు నీటివలె నిర్మలమైన ద్రవమున్నది. సీసాపై నంటించిన చీటి ఊడిపోయినది. ఆ ద్రవమేదో కనుగొనుట యెట్లు? పూర్వకాలపు రసాయనజ్ఞులు దానిని మరగించి, ఎంత వేడికి మరుగునో కొలిచెడివారు. కొందఱు వాసన చూచెడివారు. ఈ పనిని మాత్రము మన విద్యార్థు లెవ్వరును చేయరాదు. 1872లో బైల్‌స్టైన్ అను రసాయనజ్ఞుడు మఱియొక ఉపాయము చూపెను. రాగితీగను మంటలో కాల్చి, చల్లార్చి, ఆ ద్రవమును దానికి కొంచెము అంటించి, మరల మంటలో పెట్టవలెను. మంట ఆకుపచ్చగా మారినచో అందు క్లోరినో, బ్రోమినో, అయొడినో గలదని తెలియును. కాని ఆ మంట అంతకు మించి పలుకదు. ఏ మూలకమో చెప్పదు, ఎన్ని పరమాణువులో చెప్పదు, అవి దేనిని అంటిపెట్టుకొని యున్నవో చెప్పదు. ఫ్లోరిను విషయమైతే అసలు నోరు విప్పదు.

ఈ ప్రశ్నలకు చాలవఱకు సమాధానము చెప్పగలది పరారుణ వర్ణపటము. దానిని చదువు విధమును ఒకటి రెండు సులభమైన పదార్థముల మూలమున వివరింప దలంచితిమి. తెలుగు పాఠము చెప్పువారికి దీనితో పని యేమని కొందఱు నవ్వవచ్చును. పద్యమును గణములుగా విడదీయువాడు గురులఘువులను ఎట్లు పట్టుకొనునో, వర్ణపటమును చదువువాడు బరువైన పరమాణువులను, తేలికైన పరమాణువులను అట్లే పట్టుకొనును. కావున ఈ పని మాకు మఱీ పరాయిది కాదు. పైగా మన ఊరికి ఆనుకొనియున్న మణలిలో పెట్రోలియము శుద్ధి కర్మాగారము, ఎరువుల కర్మాగారము, పెట్రోరసాయన కర్మాగారములు గలవు. రేపు అట్టి చోట్ల ప్రయోగశాలలలో చేరు విద్యార్థికి ఈ విద్యతో నిత్యము పని పడును.

మొదట పదార్థము సంగతి. మీథేను అను వాయువులో ఒక కర్బన పరమాణువు చుట్టును నాలుగు ఉదజని పరమాణువులుండును. ఉదజని యనగా హైడ్రొజను. ఆ నాలుగింటిలో ఒకటిని గాని, కొన్నిటిని గాని, అన్నిటిని గాని తొలగించి, వాని స్థానమున ఫ్లోరిను, క్లోరిను, బ్రోమిను, అయొడిను అను వానిని నిలిపినచో ఏర్పడునది హాలో ఆల్కేను. ఈ నాలుగు మూలకములకును హాలొజనులని పేరు. ఆ మాటకు గ్రీకు భాషలో ఉప్పును పుట్టించునవి యని అర్థము. మూడు ఉదజనుల చోట మూడు క్లోరినులు వచ్చి, ఒక్క ఉదజని మిగిలినచో అది క్లోరోఫారము.

ఇక కిరణముల సంగతి. 1800లో విలియము హెర్షెలు ఇంగ్లండులో సూర్యకాంతిని పట్టకముచే ఏడు రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకము నుంచి చూచెను. ఎఱుపునకు ఆవల, కంటికేమియు కానరాని చోట, పాదరసము మఱింత పైకెక్కెను. అదియే పరారుణ కిరణము; అరుణమునకు పరమైనది, అనగా ఎఱుపునకు ఆవలిది. ఇరుగుపొరుగు తమిళ విద్యార్థులు దీనినే ‘అగచ్చివప్పు’ అందురు. మాట వేరైనను వేడి యొక్కటే. ఎండలో నిలిచిన గోడనుండి సాయంకాలము మన చెంపకు తగులు సెగ ఈ కిరణములదే.

అణువులో పరమాణువులు కదలక మెదలక కూర్చుండవు. వానిని కలుపు బంధము ఇనుప స్ప్రింగు వంటిది. అది సాగును, ముడుచుకొనును, పక్కలకు వంగును. ఈ కదలికల వేగము ఇష్టము వచ్చినట్లుండదు. రెండు విషయములు దానిని నిర్ణయించును. ఒకటి బంధపు బిగువు, రెండవది పరమాణువుల బరువు. వీణ నెఱిగినవారికి ఇది చెప్పనక్కఱలేదు. సారణి తంతి సన్నము, దాని స్వరము హెచ్చు. అనుమంద్రపు తంతి లావు, దాని స్వరము తగ్గు. బిరడా తిప్పి తంతిని బిగించినచో స్వరము పైకి పోవును. త్యాగరాజస్వామి మన తిరువొత్తియూరు త్రిపురసుందరీదేవిపై ఐదు కీర్తనలను తెలుగున రచించి పాడిరి. వారి శిష్యులలో వీణ కుప్పయ్యరు ప్రసిద్ధులు. ఇట్టి ఊరిలో పుట్టిన పిల్లలకు తంతి దృష్టాంతము చాలునని తలంచెదము.

ఒక బంధము ఏ వేగముతో కంపించునో, అదే వేగము గల పరారుణ కిరణము వచ్చి తగిలినప్పుడు అణువు ఆ కిరణమును పీల్చుకొనును. మిగిలిన కిరణములు దాటిపోవును. అన్ని పరారుణ కిరణములను వరుసగా పంపి, ఏవి దాటిపోయినవో, ఏవి పీల్చబడినవో గీత గీసినచో అదియే పరారుణ వర్ణపటము. 1905లో అమెరికా శాస్త్రజ్ఞుడు కోబ్లెంట్జు అనేక పదార్థముల వర్ణపటములను ఇట్లు కొలిచి ప్రకటించెను.

ఆ గీతను చూచునపుడు క్రొత్తవారు తడబడుదురు. గీత పైభాగమున సాగుచు, అక్కడక్కడ లోయవలె క్రిందికి దిగును. లోయ యున్నచోట కిరణము పీల్చబడినదని అర్థము. అడుగున వేసిన అంకెలు ఒక సెంటీమీటరు నిడివిలో ఎన్ని తరంగములు ఇముడునో చెప్పును. దీనికి తరంగసంఖ్య యని పేరు. ఈ అంకెలు ఎడమనుండి కుడికి పెరుగుటకు మాఱుగా తగ్గుచుండును: ఎడమ కొసన 4,000, కుడి కొసన 400. హెచ్చు స్వరములు ఎడమకు, తగ్గు స్వరములు కుడికి అని గుర్తుంచుకొనిన చాలును.

క్లోరోఫారము వర్ణపటమును ఎదుట పెట్టుకొందము. అందు ప్రధానముగా నాలుగు లోయలు కనబడును: 3,020 కడ ఒకటి, 1,216 కడ ఒకటి, 760 కడ మిక్కిలి లోతైనది ఒకటి, 669 కడ మఱియొకటి. ఐదు పరమాణువులు గల అణువునకు తొమ్మిది రీతుల కంపనము గలదు. కాని క్లోరోఫారములో మూడు క్లోరినులును ఒక్క తీరున అమరియుండుటచే కొన్ని కంపనములు జంటలై ఒకే చోట కలియును. వేర్వేరుగా మిగులునవి ఆఱు. వానిలో రెండు 400 కంటె దిగువన ఉండుటచే మామూలు యంత్రమునకు అందవు. మిగిలిన నాలుగే మనకు కనబడునవి.

ఎడమ కొసన నున్న 3,020 కర్బన–ఉదజని బంధము సాగి ముడుచుకొనుటకు గుర్తు. ఉదజని అన్నిటికంటె తేలికైన పరమాణువు గనుక దాని స్వరము హెచ్చు. ఇచ్చట ఒక మెలకువ అవసరము. మామూలు ఆల్కేనులలో ఈ లోయ 2,850 మొదలు 2,960 వఱకు నుండును. 3,000 దాటినచో అది జంటబంధము గల కర్బనమున కంటిన ఉదజని యని పుస్తకములలో నొక సూత్రము వ్రాయబడియుండును. ఆ సూత్రమును గ్రుడ్డిగా నమ్మినవాడు క్లోరోఫారమును చూచి ఇందు జంటబంధమున్నదని చెప్పి నవ్వులపాలగును. మూడు క్లోరినులు కర్బనమునుండి విద్యుదావేశమును తమవైపు లాగుకొనుటచే మిగిలిన ఉదజని బంధము కొంచెము బిగిసినది. అందుచే స్వరము కొంచెము పైకెక్కినది. జంటబంధమే యున్నచో 1,650 ప్రాంతమున సాధారణముగా వేఱొక లోయ తోడుండవలెను. ఇందు అది లేదు. ఒక్క లోయను చూచి తీర్పు చెప్పరాదు, ఉండవలసిన తోడు ఉన్నదా యని కూడ చూడవలెను.

తరువాతిది 1,216. అదే ఉదజని పక్కకు వంగుటకు ఇది గుర్తు. సాగదీయుటకంటె వంచుట సులభము గనుక ఇది దిగువన నున్నది. ఇది ఉదజనిదే యని నమ్ముట యెట్లు? దీనికి ముచ్చటైన పరీక్ష గలదు. ఉదజనికి ద్విగుణమైన బరువు గల సోదరుడొకడున్నాడు, డ్యుటీరియము. క్లోరోఫారములోని ఉదజనిని తీసి డ్యుటీరియమును పెట్టినచో బంధపు బిగువు మాఱదు, బరువు మాత్రము మాఱును. లెక్క ప్రకారము కంపనవేగము 1.36వ వంతున తగ్గవలెను. 3,020ని దానిచే భాగించినచో ఇంచుమించు 2,220 వచ్చును. నిజముగా లోయ 2,250 ప్రాంతమునకు జరుగును. 1,216 కడ నున్న లోయ 910 ప్రాంతమునకు దిగును. 760 కడ నున్నది మాత్రము స్వల్పముగానే కదలును. ఏది ఉదజనిదో, ఏది కాదో దీనితో తేలిపోయినది.

మిగిలిన 760, 669 కర్బన–క్లోరిను బంధములవి. క్లోరిను బరువు ఉదజనికి ముప్పదియైదున్నర రెట్లు. బరువు భేదమును మాత్రమే లెక్కించినచో 3,020 తగ్గి 970 ప్రాంతమునకు రావలెను. కాని లోయ 760కి దిగినది. కారణమేమనగా, కర్బన–క్లోరిను బంధము కర్బన–ఉదజని బంధమంత బిగువైనది కాదు. మఱియు మూడు క్లోరినులు ఒకే కర్బనమును పట్టుకొని కలసి ఊగుచున్నవి. ఊగుటలో ఒక రీతి 760, మఱియొక రీతి 669.

ఈ ఒక్క ఉదాహరణము తెలిసినచో తక్కిన హాలొజనుల స్థానములు ఊహింపవచ్చును. ఫ్లోరిను తేలిక, దాని బంధము మిక్కిలి బిగువు. కావున 1,000 మొదలు 1,400 వఱకు నుండును. క్లోరిను 600 మొదలు 800 వఱకు. బ్రోమిను ఇంకను బరువు. 500 మొదలు 650 ప్రాంతము. అయొడిను ఇంచుమించు 500 కడ. ఈ హద్దులు స్థూలముగా చెప్పినవే. ఒకే కర్బనముపై రెండు మూడు హాలొజనులు చేరినచో లోయలు హద్దు దాటి పైకి జరుగును.

ద్రవమును నింపు పాత్ర గాజుతో చేసినది పనికిరాదు; గాజు ఈ కిరణములను చాలవఱకు మ్రింగివేయును. అందుచే మనము కూరలో వేయు ఉప్పునే పెద్ద స్ఫటికముగా పెంచి, పలుచని బిళ్ళలుగా కోసి, నునుపు చేసి, రెండు బిళ్ళల నడుమ ద్రవపు చుక్క నుంతురు. మనవంటి సముద్రతీరపు ఊరిలో ఆ బిళ్ళలను కాపాడుట కష్టము. గాలిలోని తేమకే అవి మసకబారును. ఉప్పుబిళ్ళ 650 వఱకే కిరణమును దాటనిచ్చును. బ్రోమిను, అయొడినుల లోయలు అంతకు దిగువన నుండుటచే వానిని చూచుటకు పొటాషియము బ్రోమైడు బిళ్ళలు కావలెను. అవి 400 దాక పనిచేయును.

లోయ కనబడుటకు మఱియొక షరతు గలదు. కంపించునపుడు అణువులోని ధన, ఋణ విద్యుదావేశముల నడిమి ఎడము మాఱుచుండవలెను. అది మాఱనిచో కిరణమునకు పట్టు దొరకదు. నాలుగు ఉదజనుల చోటను నాలుగు క్లోరినులే యున్న కార్బను టెట్రాక్లోరైడులో నాలుగు బంధములును ఒక్కసారి సాగి ఒక్కసారి ముడుచుకొను కంపనమొకటి గలదు. దాని తరంగసంఖ్య 459. నాలుగు దిక్కులను సమానముగా లాగుటచే ఆవేశములో మార్పు లేదు; పరారుణ వర్ణపటమున ఆ చోట శూన్యము. కాని 1928లో చంద్రశేఖర వేంకటరామన్‌గారు కనుగొనిన రామన్ ఫలితముచే చూచినచో అదే కంపనము ప్రకాశమానమైన రేఖగా కనబడును. ఒకదానికి కానరానిది మఱియొకదానికి కనబడును. ఏ కంపనము దేనికి కనబడునో అణువు ఆకృతినిబట్టి ముందుగానే చెప్పగల గణితము గలదు. కృష్ణా జిల్లాలో జన్మించి, రామన్‌గారి కడ పనిచేసి, వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్యులైన సూరి భగవంతంగారును, టి. వెంకటరాయుడుగారును కలసి ఆ గణితమును భౌతికశాస్త్రమున కన్వయించి 1948లో ఆంగ్లమున గ్రంథము ప్రకటించిరి.

గాలిలో ముఖ్యభాగములైన నత్రజని, ఆమ్లజని అణువులు రెండేసి సమాన పరమాణువులు గలవి. వానికిని పైన చెప్పిన కారణముచేతనే పరారుణ కిరణముతో పని లేదు. కాని గాలిలో కొలదిగా నున్న నీటియావిరి, బొగ్గుపులుసు గాలి అట్టివి కావు. యంత్రములోని గాలిని తొలగింపకున్నచో ఏ పదార్థపు వర్ణపటములోనైనను 2,350 కడ బొగ్గుపులుసు గాలి లోయయు, 3,700, 1,600 ప్రాంతములందు నీటియావిరి లోయలును పిలువని పేరంటముగా వచ్చి చేరును. వానిని పదార్థమునకు అంటగట్టరాదు.

ప్రయోగశాలలో చికాకు కలిగించు ఈ లోయలే భూమిపై వేడిని నిలుపుచున్నవి. పగలు సూర్యునివలన వేడెక్కిన భూమి ఆ వేడిని పరారుణ కిరణములుగా ఆకాశమునకు పంపును. బొగ్గుపులుసు గాలి 667 చుట్టును, నీటియావిరి దానికి దిగువనను, 1,300కు ఎగువనను అడ్డు నిలుచును. నడుమ 800 మొదలు 1,250 వఱకు గాలి చాలవఱకు నిర్మలము. 1,040 కడ ఓజోను ఒక్కటి కొంత అడ్డగించును. తలుపులన్నియు మూసిన ఇంటిలో తెఱచియుంచిన ఒక్క కిటికీ వంటిది ఆ భాగము. శాస్త్రజ్ఞులును దానికి కిటికీ యనియే పేరు పెట్టిరి.

ఇప్పుడు మఱియొక హాలో ఆల్కేను వర్ణపటము చూతము. ఒక కర్బనమునకు రెండు ఫ్లోరినులు, రెండు క్లోరినులు గల వాయువు డైక్లోరో డైఫ్లోరో మీథేను. వ్యాపారమున దీనికి ఫ్రియాను–12 అని పేరు. 1930లో అమెరికాలో థామస్ మిడ్జిలీ దీనిని సభలో పరిచయము చేయుచు, తాను పీల్చి, విడిచిన ఊపిరితో క్రొవ్వొత్తి నార్పి చూపెను: విషము కాదు, మండదు. అంతకుముందు శీతల యంత్రములలో వాడిన అమ్మోనియా, గంధకపు వాయువులు కారినచో ప్రాణాపాయము. ఇంత సాధువైన వాయువు దొరకుట ఆ దినములలో నిజముగా మేలే.

దీని వర్ణపటమున ఉదజని లోయలు లేవు. 3,000 ప్రాంతము చదును. మనము నేర్చిన పాఠము ప్రకారము ఫ్లోరినును వెదకినచో 1,161, 1,102 అను రెండు లోతైన లోయలు కనబడును. అవి రెండు కర్బన–ఫ్లోరిను బంధములు ఎదురెదురుగా సాగుటకును, కలసి సాగుటకును గుర్తులు. క్లోరినుకు 923, 667. నాలుగు హాలొజనులు ఒకే కర్బనముపై నుండుటచే 923 తన హద్దు దాటి పైకి వచ్చినది. 1,161, 1,102, 923 ఈ మూడింటిని మరల చూడుడు. మూడును కిటికీలోనే పడినవి.

ఈ సంగతిని గమనించినవారు వీరభద్రన్ రామనాథన్‌గారు. వారు అణ్ణామలై విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి, సికింద్రాబాదులో శీతల యంత్రముల కర్మాగారమున ఉద్యోగము చేసిరి. యంత్రములనుండి ఈ వాయువు ఏల కారిపోవుచున్నదో కనుగొని అరికట్టుట వారి పని. తరువాత బెంగుళూరున చదివి, అమెరికాకు వెళ్ళి, గ్రహముల వాయుమండలములందు పరారుణ కిరణములు ప్రసరించు విధమును అభ్యసించిరి. 1974లో మొలీనా, రౌలండు అనువారు ఈ వాయువులు పైయెత్తునకు పోయి ఓజోనును నశింపజేయునని ప్రకటించిరి. అది వేఱు కథ. అందఱును దానినే మాటాడుకొనిరి. రామనాథన్‌గారు మాత్రము ఈ వాయువుల పరారుణ లోయలు ఎక్కడ పడినవని చూచిరి. 1975లో ‘సైన్స్’ పత్రికలో వారు వ్రాసినది మూడు పుటల వ్యాసము. ఇట్టి వాయువులు గాలిలో నూఱు కోట్ల వంతులకు రెండు వంతులంత చేరినను భూమి ఉష్ణోగ్రత గమనింపదగినంత పెరుగునని అందలి నిర్ణయము. ఒక్క అణువు పదివేలకు మించిన బొగ్గుపులుసు గాలి అణువుల పని చేయగలదని లెక్క తేలెను.

ఇంత కొంచెమునకు ఇంత బలము ఎక్కడిది? బొగ్గుపులుసు గాలి తన చోటున ఇప్పటికే దట్టముగా అడ్డు నిలిచియున్నది. మూసిన తలుపునకు మఱియొక చాప కట్టినందువలన అదనముగా ఆగునది తక్కువ. తెఱచియున్న కిటికీకి చిన్న చాప కట్టినను గాలి ఆగును. పైగా ఫ్లోరిను బంధమున ఆవేశముల ఎడము అధికము గనుక లోయ మిక్కిలి లోతు. బంధము బిగువు గనుక అణువు త్వరగా విఱగదు. గాలిలో ఇంచుమించు నూఱేండ్లు నిలుచును. మిడ్జిలీ మెచ్చిన గుణమును రామనాథన్‌గారు భయపడిన గుణమును ఆ బంధములలోనే యున్నవి.

ఓజోను రక్షణకై 1987లో మాంట్రియలు ఒప్పందము కుదిరెను. భారతదేశము 1992లో అందు చేరెను. ఉబ్బసపు మందుల విషయమున కొంత మినహాయింపుతో, 2010 నాటికి మన దేశమున ఈ క్లోరోఫ్లోరో కర్బనముల ఉత్పత్తి నిలిచిపోయెను. వాని స్థానమున క్లోరిను లేని, ఫ్లోరిను గల వాయువులు వచ్చినవి. ఓజోనుకు వానివలన కీడు లేదు. కాని ఈ వ్యాసమును ఇంతవఱకు చదివిన విద్యార్థి వెంటనే అడుగవలెను: ఫ్లోరిను ఉన్నదిగదా, లోయ ఎక్కడ? 1,100 మొదలు 1,300 వఱకు, చాలవఱకు కిటికీలోనే. అందుచేతనే 2016లో కిగాలీ నగరమున వానిని కూడ క్రమముగా తగ్గించుటకు సవరణ చేసిరి. మన దేశము 2021లో దానిని ఆమోదించెను.

ఇంటిలో ఫ్రిజ్ ఉన్నవారు దాని వెనుకనో లోపలనో అంటించిన చీటిని చదివి చూడవచ్చును. ‘ఆర్–134ఎ’ అని యున్నచో అది రెండు కర్బనములు, నాలుగు ఫ్లోరినులు గల వాయువు. దాని లోయలను ఇప్పుడు చెప్పితిమి. ‘ఆర్–12’ అని యున్నచో ఆ ఫ్రిజ్ మిక్కిలి పాతది. దానిని పాత ఇనుము కొనువారికి ఇచ్చునపుడు గొట్టములను కోసి వాయువును గాలిలోనికి వదలనీయరాదు. ‘ఆర్–600ఎ’ అని యున్నచో అది ఐసోబ్యూటేను. కర్బనము, ఉదజని తప్ప మఱేమియు లేదు. దాని వర్ణపటమున 2,960, 1,470, 1,380 ప్రాంతములందు లోయలుండును. కిటికీ భాగమున లోతైనది యొక్కటియు లేదు. అయితే అది మండు వాయువు. అందుచే ఫ్రిజ్‌లో దానిని కొన్ని పదుల గ్రాములే నింపుదురు, చీటిపై మంట గుర్తు కూడ ముద్రింతురు.